మూతి తిప్పుకునే పాపాయికి తొలి ముద్దలు

"పెట్టిందంతా నాలుకతో నెట్టేస్తోంది. దీనికి బువ్వంటే పడదు."

ఆరేడు నెలల బిడ్డ ఉన్న ఇంట్లో రోజుకొకసారైనా ఈ మాట వినపడుతుంది. అన్నది తల్లి అయితే గొంతులో బెంగ ఉంటుంది. నాన్నమ్మ అయితే కోడలికి పెట్టడం చేతకాలేదన్న ధ్వని ఉంటుంది. ఇద్దరూ పాప మనసులో లేనిదాన్ని దానికి అంటగడుతున్నారు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ నాలుకకు తెలిసిన పని ఒక్కటే: ముందుకు సాగి, రొమ్ము పట్టుకుని, పాలు లాగడం. పాలు తప్ప మరేది పెదవి దాటినా నాలుక బయటికి తోసేస్తుంది. గొంతుకు అడ్డం పడకుండా పుట్టుకతో వచ్చిన కాపలా అది. నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య మెల్లగా సడలుతుంది, కొందరిలో ఇంకాస్త ఆలస్యమవుతుంది. ముద్దను నాలుక మీద వెనక్కి జరుపుకుని మింగడం పాపకు కొత్త విద్య. మొదటి వారం పది రోజులు కడుపులోకి వెళ్లినదానికన్నా గడ్డం మీద కారిందే ఎక్కువైతే దిగులుపడక్కర్లేదు.

నిజంగా ఇబ్బంది పడే పిల్లలూ ఉంటారు. వాళ్ల సంగతి చివర్లో చెబుతాను. మిగతా ఇళ్లలో చిక్కంతా చాలావరకు రెండుచోట్లే ఉంటుంది: గిన్నెలో ఉన్నది మరీ పలచన, పెట్టే చేతికి మరీ తొందర.

ఈ అధ్యాయం కోరాపుట్, రాయగడ జిల్లాల్లో ఉంటున్న తెలుగు తల్లులను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా జయపురం సంస్థానంతో సహా ఈ కొండలన్నీ విశాఖపట్నం జిల్లాలోవే. ఇప్పటికీ ఇక్కడి తెలుగు ఇళ్లకు సలహాలు ఫోన్లో పార్వతీపురం నుంచో విజయనగరం నుంచో వస్తాయి, అంగన్‌వాడీ దీదీ మాత్రం ఒడియాలో చెబుతుంది. పుట్టింటివాళ్లు డబ్బా పిండి పేరు చెబితే దీదీ ఛతువా పొట్లం చేతిలో పెడుతుంది. పక్కింట్లో మాండియా పెజ (చోడి జావ) కాగుతూ ఉంటుంది. దసమంతపూర్ లాంటి బ్లాకులో ఉన్న తల్లికి పెద్ద పట్నంలో తల్లికి లేని వెసులుబాటు ఒకటుంది. బిడ్డకు కావలసినవి చాలావరకు ఆ కొండవాలులోనే పండుతాయి. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. ఆ గుర్తింపు తెచ్చిన నేలలో పండే చోళ్లే మన పాపాయి తొలి తిండికి పనికొస్తాయి.

ముహూర్తం వేరు, మొదలుపెట్టడం వేరు

మగపిల్లాడికి సరి నెలలో, ఆడపిల్లకు బేసి నెలలో అన్నప్రాశన చేయడం మన ఆనవాయితీ. పిల్లవాడికి ఆరు, ఆడపిల్లకు అయిదు. ఇందులో ఓ మెలిక ఉంది. అయిదో నెల అంటే నడుస్తున్న నెల లెక్క, నిండినవి నాలుగే. నాలుగు నెలలు నిండిన బిడ్డకు చాలాసార్లు మెడ నిలకడగా నిలవదు, కూర్చోబెడితే ఓ పక్కకు ఒరిగిపోతుంది. అదే వారం నుంచి రోజూ రెండు పూటలా పెట్టడం మొదలుపెడితే పాప ఉమ్మేయక ఏం చేస్తుంది? వేడుక మానక్కర్లేదు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని, పాయసంలో ముంచిన ఉంగరంతో నాలుకకు తాకించి, పుస్తకం, కలం, బంగారం ముందు పరిచి ఏది పట్టుకుంటుందో చూసి అందరూ సంబరపడండి. మర్నాటి నుంచి మళ్లీ తల్లిపాలే. రోజువారీ తిండి ఆరు నెలలు నిండాకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇదే వయసు ఉంది.

ఆలస్యం చేయడమూ మంచిది కాదు. "పాలు బాగానే ఉన్నాయి కదా, పళ్లు వచ్చాక చూద్దాం" అనేవాళ్లున్నారు. ముద్దకు పళ్లతో పని లేదు, చిగుళ్లు చాలు. ఆరు నెలలు దాటాక తల్లిపాలలోని ఇనుము బిడ్డకు సరిపోదు, పుట్టినప్పుడు తల్లి నుంచి తెచ్చుకున్న నిల్వ అప్పటికి అడుగంటుతుంది. ఇనుము తగ్గిన బిడ్డకు ఆకలి మందగిస్తుంది, ఆకలి మందగిస్తే ముద్ద వద్దంటుంది, ముద్ద వద్దంటే ఇనుము ఇంకా తగ్గుతుంది. తిననని మొండికేసే ఎనిమిది తొమ్మిది నెలల పిల్లల్లో కొందరి కథ వెనక ఉన్నది ఈ చక్రమే. ఆశా దీదీ దగ్గర దొరికే ఐరన్ సిరప్ ఇందుకే. ఆరు నెలలు దాటిన ప్రతి బిడ్డకూ వారానికి రెండుసార్లు, 1 మి.లీ. చొప్పున. అందులో 20 మి.గ్రా. ఇనుము ఉంటుంది. మలం నల్లగా వస్తుంది, భయపడకండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు పుట్టినరోజు నుంచి లెక్క వేయకూడదు. రెండు నెలల ముందే పుట్టిన బిడ్డ ఆరు నెలలప్పుడు ఇంకా నాలుగు నెలల పాపలాగే ప్రవర్తిస్తుంది. వాళ్లకు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరును అడిగి తేల్చుకోండి. తక్కిన అందరికీ చూడాల్సినవి ఇవి: మెడ నిలిచిందా, ఆనిస్తే కూర్చుంటోందా, మీరు తింటుంటే మీ చేతివైపూ నోటివైపూ చూపు తిప్పుతోందా, చేతికందింది నోట్లో పెట్టుకుంటోందా. ఇవన్నీ ఉంటే నాలుక కాపలా కూడా సడలుతున్నట్టే.

చోడి జావ పలచనైతే

"పల్చగుంటేనే గొంతు దిగుతాదే అమ్మా." నాన్నమ్మ మాటలో కొంత నిజముంది. దిగుతుంది. దిగాక కడుపుకు ఏం మిగిలిందన్నది చూడాలి. ఒక గ్లాసు, అంటే 200 మి.లీ. నీళ్లలో రెండు టీ చెంచాల చోడి పిండి వేసి కాస్తే పిండి ఏడెనిమిది గ్రాములుంటుంది. దాని బలం 25 కేలరీలు మించదు. అదే 200 మి.లీ. తల్లిపాలలో 130 దాకా ఉంటాయి. ఎనిమిది నెలల పాప బరువు ఏడు కిలోలనుకుంటే ఒక దఫా దాని పొట్టలో పట్టేది 200 మి.లీ. పైచిలుకు. నీళ్ల జావతో ఆ పొట్ట నింపితే బలమైన పాలను తోసేసి బలంలేనిదాన్ని పెట్టినట్టయింది. పాప బరువు పెరగదు. "ఇంత తాగుతోంది, ఒంటికి పట్టడం లేదు" అని దిష్టి తీయడం మొదలవుతుంది.

ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో తల్లిపాలు కాక పైతిండి నుంచి రోజుకు సుమారు 200 కేలరీలు కావాలి. తొమ్మిది నుంచి పదకొండు నెలలకు 300, ఏడాది దాటాక 550. ఇవి గుర్తుపెట్టుకుని తూకం వేయమని చెప్పను, ఎవరూ వేయరు కూడా. చెంచా పరీక్ష ఒకటి చేసుకుంటే చాలు. గిన్నెలోంచి తీసిన చెంచాను పక్కకు వంచండి. జారి కారిపోతే పలచన. చెంచానంటుకుని నిలిస్తే సరి. ఇంకో మాట. పలచటిది నోట్లో పడగానే పెదవుల సందుల్లోంచి కారిపోతుంది. కాస్త చిక్కటిది నాలుక మీద నిలుస్తుంది, నాలుకకు దాన్ని పట్టుకుని వెనక్కి జరపడం తేలిక. ఉమ్మేస్తోందని ఇంకా నీళ్లు కలిపే తల్లి పాప పని కష్టం చేస్తోంది.

మరీ చిక్కనైతే పిండి ముద్దై గొంతుకు అడ్డుపడుతుందన్న భయం సహజమే. దానికి మన పెద్దలకు తెలిసిన ఉపాయం మొలక. చోళ్లు మొలకెత్తేటప్పుడు గింజలో ఓ రసం పుడుతుంది, అది పిండిపదార్థాన్ని విరిచేస్తుంది. అందువల్ల మొలకల పిండి వేసిన జావ ఎక్కువ పిండి పట్టినా జారుగానే ఉంటుంది. బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ బృందం 1980ల్లో ఇదే విషయం మీద పనిచేసింది. చిక్కటి జావలో చెంచాడు మొలకల పిండి కలిపితే నిమిషాల్లో పలచబడుతుందనీ, బిడ్డ అదే పొట్టలో ఎక్కువ బలం తీసుకోగలదనీ చూపించింది.

చేసే పద్ధతి ఇది. అరకిలో చోళ్లు ఏరి, ఇసుక పోయేదాకా నాలుగైదు నీళ్లలో కడగండి. కొండ చోళ్లలో ఇసుక ఉంటుంది, ఇక్కడ బద్ధకిస్తే పిండి పళ్ల కింద కరకరమంటుంది. రాత్రంతా నానబెట్టి, పొద్దున నీళ్లు వంచేసి, తడి గుడ్డలో వదులుగా మూటకట్టి వేలాడదీయండి. పూటకోసారి గుడ్డ తడపండి. ఎండకాలంలో ఒక రోజుకే తెల్లటి మొలక పొడుచుకొస్తుంది, చలికాలం కోరాపుట్‌లో రెండు రోజులు పట్టవచ్చు. మొలక గింజంత పొడవు రాగానే పలచగా పరిచి ఎండబెట్టండి. గలగలమనేలా ఎండాక రెండు అరచేతుల మధ్య రుద్దితే మొలకలు రాలిపోతాయి, చెరిగి పారేయండి. బాణలిలో సన్నటి సెగమీద వాసన వచ్చేదాకా మాత్రమే వేపండి. నల్లబడేలా వేపితే పైన చెప్పిన రసం చచ్చిపోతుంది, పడ్డ శ్రమంతా వృథా. మెత్తగా విసిరి పలచటి గుడ్డలో జల్లించి గాలి చొరని డబ్బాలో పోయండి. ముసురు రోజుల్లో మూటలోంచి బూజు వాసన వస్తే మొహమాటం లేకుండా మొత్తం పారేయాలి.

వాడేటప్పుడు ముందు మామూలు పిండితో, అది చోడి అయినా బియ్యం పెసరపప్పు ఉగ్గు అయినా, చిక్కగా జావ కాయండి. దించి, ఉడుకు తగ్గి వేడిగా ఉన్నప్పుడు చెంచాడు మొలకల పిండి వేసి కలుపుతూ ఉండండి. గరిటకు అడ్డుపడుతున్న జావ చూస్తుండగానే వదులై జారడం మొదలవుతుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానిచ్చి దించేయండి. పైన అర చెంచా నెయ్యో వలిస నూనో వేయండి. టీ చెంచాడు నూనెలో 45 కేలరీలున్నాయి, పావు గ్లాసు నీళ్ల జావకన్నా ఎక్కువ. ఉప్పు, చక్కెర, బెల్లం ఏడాది దాకా వద్దు. తేనె అసలు వద్దు, నాలుకకు రాయడానికి కూడా. తేనెలో ఉండే ఒక క్రిమి వల్ల ఏడాదిలోపు పిల్లలకు ప్రాణం మీదికి వచ్చే పక్షవాతం రావచ్చు. పెద్దలకు పొద్దుటి పెజ పులిస్తే రుచి. పాపకు మాత్రం ఏ పూటకాపూట కాచిందే పెట్టాలి. కాచి రెండు గంటలు దాటితే పెద్దవాళ్లు తాగేయండి.

చోళ్లలో సున్నం 100 గ్రాములకు 350 మి.గ్రా. చుట్టుపక్కల ఉంటుంది, బియ్యంలో 10 దాకా కూడా ఉండదు. ఎముకకు మంచిదే. అలాగని మూడు పూటలా అదే పోస్తే పాప విసుగెత్తి మూతి తిప్పేస్తుంది, పైగా గింజలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. బాగా పట్టేది చేపలో, కాలేయంలో ఉన్నది. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఉడికించిన గుడ్డు పచ్చసొన, తెల్లసొన రెండూ పెట్టవచ్చు. ముళ్లు తీసిన చేప, వారానికోసారి మెత్తగా ఉడికించి చిదిమిన రవ్వంత కాలేయం పెట్టవచ్చు. తినని ఇళ్లలో పెసరపప్పు, మునగాకు పొడి, పక్కనే రెండు నిమ్మచుక్కలో బొప్పాయి ముక్కో ఉండాలి. వాటిలోని సి విటమిన్ గింజలోని ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. గుమ్మడికాయ, చిలగడదుంప, మగ్గిన అరటిపండు పిల్లలు తేలిగ్గా ఒప్పుకునేవి.

ఛతువా సంగతి. గోధుమలు, శనగలు, వేరుశనగలు, చక్కెర వేయించి విసిరిన పిండి అది, స్వయం సహాయక సంఘాల మహిళలు తయారుచేస్తారు. ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు అంగన్‌వాడీలో ఇస్తారు. మంచి తిండే. మన ఇళ్లలో దాన్ని రెండు రకాలుగా పాడుచేస్తాం. టీ నీళ్లలా పలచగా కలిపి పోస్తాం, లేదంటే ఇంటిల్లిపాదీ లడ్డూలు చుట్టుకుని నాలుగు రోజుల్లో పొట్లం ఖాళీ చేసేస్తాం. దాంట్లో తీపి అప్పటికే ఉంది, మళ్లీ వేయకండి. తొలిసారి వేరుశనగ తగిలాక ఒంటిమీద దద్దుర్లు, పెదవి వాపు వస్తాయేమో ఆ పూట కనిపెట్టుకుని ఉండండి. పిండిగా అయితే సరే గానీ గింజగా వేరుశనగ అయిదేళ్లదాకా పిల్లల చేతికి ఇవ్వవద్దు.

డబ్బా పిండి గురించి ఎక్కువ చెప్పను. రెండేళ్లలోపు పిల్లల తిండికి ప్రకటనలు ఇవ్వకూడదని 1992 నాటి చట్టం, 2003 సవరణ చెబుతున్నాయి. అంత గట్టిగా కట్టడి చేయాల్సి వచ్చిందంటే కారణం ఉంటుంది కదా.

పెట్టే చెయ్యి

ఉగ్గుగిన్నె తెలియని తెలుగు ఇల్లు ఉండదు. ముక్కు ఉన్న చిన్న గిన్నె. కాళ్లు చాపుకుని, కాళ్ల మీద బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, రెండు చేతులూ అదిమిపట్టి, ఏడవడానికి నోరు తెరిచినప్పుడల్లా ఒక వంపు వంచడం పాత పద్ధతి. కొందరు ముక్కు కూడా మూసేవారు. "మేమిలాగే పెంచాం, బతకలేదా" అంటారు. బతికినవాళ్లే కదా చెప్పగలిగేది. ఏడుస్తున్న బిడ్డ ఊపిరి లోపలికి పీలుస్తుంది, ఆ క్షణంలో నోట్లో ఉన్నది కడుపులోకి వెళ్తుందో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. న్యుమోనియా ఇలా కూడా వస్తుంది. రాకపోయినా, గిన్నె కనపడగానే వెనక్కి విరుచుకుని ఏడవడం పాప నేర్చుకుంటుంది. ఆ తర్వాత చెంచా చూసినా అదే ఏడుపు. ఉగ్గులో వస, ఆముదం కలిపే అలవాటు ఉంటే అదీ మానేయండి.

మన నేలమీద జరిగిన ఒక పరిశోధన ఇక్కడ చెప్పుకోదగినది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్, ఆమె సహచరులు నల్గొండ జిల్లాలో 60 ఊళ్లను తీసుకున్నారు. మూడు నెలల వయసు నుంచి పదిహేనో నెల దాకా 600 మంది తల్లీబిడ్డలను గమనించారు. కొన్ని ఊళ్లలో మామూలు అంగన్‌వాడీ సేవలే. కొన్నింట్లో ఊరి మహిళలకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి, ఏం పెట్టాలో చెప్పించారు. మిగతావాటిలో దానితోపాటు ఎలా పెట్టాలో, బిడ్డ ఇచ్చే సైగలు ఎలా చదవాలో, ఎలా ఆడించాలో కూడా చెప్పించారు. 2013లో ఫలితాలు వచ్చాయి. మాటలు విన్న రెండు రకాల ఊళ్లలోనూ పిల్లలు తినే తిండి మెరుగైంది. సైగలు చదవడం, ఆడించడం నేర్చుకున్న తల్లుల పిల్లల్లో మానసిక వికాసం కూడా మెరుగ్గా కనిపించింది. పొట్లాలు పంచలేదు, మందులు ఇవ్వలేదు. తల్లి పక్కన కూర్చుని మాట్లాడారు.

ఇక ఒక్క ముద్ద ఎలా పెట్టాలో చూద్దాం. పాప నిద్రలేచి, పాలు తాగి గంటా గంటన్నర అయిన వేళ ఎంచుకోండి. కడుపు నకనకలాడుతుంటే కొత్త విద్యకు ఓపిక ఉండదు, పాలే కావాలంటుంది. కడుపు నిండుగా ఉంటే అసలు నోరే తెరవదు. వీపు నిటారుగా ఉండేలా ఒళ్లోనో, గోడ మూలలో దిండు ఆనించో కూర్చోబెట్టి, మీరు ఎదురుగా కిందే కూర్చోండి. మీ మొహం పాపకు కనపడాలి. చెంచాలో సగమే తీసుకుని, కింది పెదవికి ఆనించి ఆగండి. ఆగడమే కష్టం, చేయి తోసేద్దామంటుంది. పాప వాసన చూస్తుంది, నాలుక చాచి తాకుతుంది, మీ మొహంలోకి చూస్తుంది, నోరు తెరుస్తుంది. అప్పుడు నాలుక మధ్యలో పెట్టి, పై పెదవి మూసుకునేదాకా ఉండి, చెంచాను తిన్నగా వెనక్కి తీయండి. పై చిగురుకు రాసి గీకి వదలొద్దు, అలా చేస్తే పెదవికి పని ఉండదు, అది నేర్చుకోదు. గుటక పడిందా? ఇప్పుడు రెండోది.

నన్నడిగితే మొదటి నెల చెంచాకన్నా తల్లి వేలే మేలు. వేడి ఎంతో, ఉండ ఎక్కడుందో వేలికి ముందే తెలుస్తుంది. గోళ్లు తీసి, సబ్బుతో కడుక్కున్న చెయ్యి అయి ఉండాలి, అంతే. పాప చెయ్యి గిన్నెలోకి వస్తుంది, రానివ్వండి. చేతికో ఖాళీ చెంచా ఇవ్వండి. చొక్కా, చాప, మీ చీర కుచ్చిళ్లు అన్నీ పాడవుతాయి. అందుకని మంచి చీర కట్టుకుని పెట్టకండి.

మొహం తిప్పేసుకుంటే, పెదవులు బిగిస్తే, వీపు విరిస్తే, చేత్తో తోసేస్తే చాలని చెబుతున్నట్టు. ఒక నిమిషం ఆగి ఇంకోసారి చూపించండి, మళ్లీ అదే జవాబైతే గిన్నె తీసేయండి. మొదటి వారం రెండు మూడు చెంచాలు, రెండు పూటలా, అంతే లక్ష్యం. ఎనిమిదో నెలకు అరకప్పు దాకా వస్తుంది. అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ 1980ల నుంచీ చెబుతున్న సూత్రం ఒకటుంది: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల పని, ఎంత తినాలన్నది బిడ్డ పని. మన ఇళ్లలో ఇది సరిగ్గా తలకిందులైంది. పాప ఏడిస్తే చేతికి బిస్కెట్టు వస్తుంది, అంటే ఏం తినాలో పాప తేల్చింది. గిన్నె అడుగు కనపడేదాకా వదలం, అంటే ఎంత తినాలో మనం తేల్చాం. ఫోన్లో బొమ్మలు చూపించి పెడితే గిన్నె ఖాళీ అవుతుంది, నిజమే. పాపకు మాత్రం తాను తిన్నానన్న సంగతే తెలియదు. చందమామను చూపించి పెట్టినప్పుడు కనీసం తల్లి గొంతు వినపడేది.

ఒక రుచి నచ్చలేదని రెండుసార్లకే తేల్చేయకండి. ఎనిమిది పదిసార్లు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువసార్లు, రోజు మార్చి రోజు, చెంచాడు చొప్పున చూపిస్తే గానీ పిల్లలకు కొత్త రుచి పాతబడదు. నోరు చెడినట్టు మొహం పెట్టడం వేరు, వద్దనడం వేరు. గుమ్మడికాయకు మొహం చిట్లించిన పాపే మళ్లీ నోరు తెరుస్తుంది, మొహం కాదు నోరు చూడండి.

మిక్సీ పట్టడం ఎప్పుడు ఆపాలి? తల్లులు అనుకునేదానికన్నా ముందే. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రాంతంలో వేలమంది పిల్లలను పుట్టుక నుంచి గమనించిన అధ్యయనంలో, తొమ్మిది నెలలు దాటాక గానీ ఉండలున్న తిండి మొదలుపెట్టని పిల్లలకు ఏడేళ్ల వయసులో తిండి పేచీలు ఎక్కువగా ఉన్నాయని 2009లో తేలింది. ఏడో నెలలో పప్పుగుత్తితో మెదిపిన పప్పన్నం, ఎనిమిదో నెలలో వేళ్లతో చిదిమింది, తొమ్మిదో నెలకు చిన్న చిన్న మెత్తటి ముక్కలు, ఏడాదికి కారం వేయకముందు తీసిన ఇంటి కూర. ఉండ తగలగానే పాప ఓకారం వస్తున్నట్టు చేసి, మొహం ఎర్రబడి, నాలుక బయటికి తోసి దగ్గుతుంది. అది గొంతు తనను తాను కాచుకోవడం. వీపు చరవకండి, నోట్లో వేలు పెట్టకండి, మొహం మామూలుగా పెట్టుకుని చూస్తూ ఉండండి.

నిజంగా అడ్డుపడితే చప్పుడు ఉండదు. ఏడవలేదు, దగ్గలేదు, పెదవులు నీలమవుతాయి. వెంటనే పాపను మీ ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని, రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదుసార్లు చరవండి. పడకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్యన, రొమ్ముమొనల గీతకు కాస్త కింద, రెండు వేళ్లతో అయిదుసార్లు నొక్కండి. పడేదాకా ఇవే మార్చి మార్చి చేస్తూ, పక్కవాళ్లచేత 108కి ఫోన్ చేయించండి. కనపడని వస్తువు కోసం వేలు పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతుంది. ఈ పేరా ఇంట్లో బిడ్డను చూసుకునే ప్రతివారికీ చదివి వినిపించండి, పదేళ్ల అక్క అయినా సరే. తల్లి పొలానికో కొలువుకో వెళ్తే మధ్యాహ్నం ముద్ద పెట్టేది చాలాచోట్ల ఆ అక్కే.

జ్వరం, విరేచనాలు వచ్చినప్పుడు తిండి తగ్గుతుంది. పాలు ఎక్కువసార్లు, ముద్ద కొంచెం కొంచెంగా, మానకుండా. "విరేచనాలవుతుంటే తిండేంటి" అని ఆపేస్తే బిడ్డ మరింత నీరసిస్తుంది. ఓఆర్‌ఎస్, రోజుకు 20 మి.గ్రా. జింకు 14 రోజులు ఇవ్వాలి, రెండూ ఆశా దగ్గర దొరుకుతాయి. తేరుకున్నాక రెండు వారాలపాటు రోజుకొక పూట అదనంగా పెడితే పోయిన బరువు తిరిగొస్తుంది.

ఎవరికి చూపించాలి

ప్రతి ముద్దకూ దగ్గు, గొంతులో గురగుర, మొహం నీలం, పాలు కూడా ముక్కులోంచి రావడం, ఎనిమిది నెలలు నిండినా మెడ నిలవకపోవడం, ముద్ద ఏదీ మింగలేకపోవడం, పచ్చగా వాంతి, నోట్లో తుడిచినా పోని తెల్లటి పొక్కు, రెండు నెలలుగా కార్డులో బరువు గీత పైకి జరగకపోవడం, పాదాల్లో వాపు. వీటిలో ఏదైనా ఉంటే ఈ పుస్తకం పక్కన పెట్టండి. నాలుక కింద తీగ, అంగుట్లో చీలిక, కండరాల బలహీనత, గట్టి రక్తహీనత లాంటివి ఇంటి ఓపికతో తీరేవి కావు.

నెలనెలా జరిగే మమతా దివస్ రోజున అంగన్‌వాడీలో బరువు తూచి, జబ్బకు కొలత పట్టీ చుట్టి చూస్తారు. ఆరు నెలలు దాటిన బిడ్డకు ఆ కొలత 12.5 సెం.మీ. కన్నా తగ్గితే జాగ్రత్తపడాలి, 11.5 కన్నా తగ్గితే తీవ్రమైన పోషకాహార లోపం కింద లెక్క. పట్టీ మీది ఎరుపు రంగు మీకు కూడా కనపడుతుంది, దీదీ చెప్పేదాకా ఆగక్కర్లేదు. అలాంటి బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చుకుంటారు. తల్లినీ అక్కడే ఉంచుకుని, పెట్టడం ఎలాగో దగ్గరుండి నేర్పిస్తారు. మింగడంలో చిక్కుందని అనుమానమైతే పిల్లల డాక్టరుకు చూపించాలి. దసమంతపూర్ వైపు వాళ్లకు కోరాపుట్‌లో 2017లో మొదలైన శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల కార్డు తీసుకెళ్లండి. ముందురోజు ఒక పూట పాప తింటున్నప్పుడు మొహం, గొంతు కనపడేలా ఎవరిచేతనైనా రెండు నిమిషాలు ఫోన్లో వీడియో తీయించి పెట్టుకోండి. డాక్టరు ఎదుట పాప ఏడుస్తుందే తప్ప తినదు. భాష రాక అక్కడ తడబడినా ఆ రెండు నిమిషాల్లో ఆయనకు కావలసినది కనపడుతుంది. ఆరోజు పొద్దున పెట్టిన జావలో కొంచెం చిన్న డబ్బాలో పోసి తీసుకెళ్తే ఇంకా మంచిది. ఎంత చిక్కగా పెడుతున్నారని తప్పకుండా అడుగుతారు.